ఏడ దిగుతవ్?

పల్లె వెలుగు నుంచి మెట్రో దాకా, కల్యాణ్ లోకల్ నుంచి దుబాయి రైలు దాకా... బండి మారిన కొద్దీ పక్క సీటు మనిషిని చూసే తీరు మారుతుంది. అన్నీ ఎక్కి దిగినవాళ్లు జగిత్యాల వైపు ఏ వాడకు పోయినా దొరుకుతారు.

హైదరాబాద్‌లో ఎవరినైనా ఆపి ఇబ్రహీంపట్నం బస్సు ఎక్కడ ఆగుతుందని అడగండి, 277 ఎక్కమంటారు. అది సాగర్ రోడ్డు మీది ఇబ్రహీంపట్నం. విజయవాడలో అడిగితే థర్మల్ స్టేషన్ పక్కనున్న ఇబ్రహీంపట్నం చూపిస్తారు. మెట్‌పల్లి దగ్గర, గోదావరి దాకా పరుచుకున్న మండలం ఒకటి ఇదే పేరుతో ఉందని రెండు నగరాల్లోనూ చాలామందికి తెలియదు. జగిత్యాల జిల్లాలోని ఆ ఊరివాళ్లు దీనికి ఏనాడో విరుగుడు కనిపెట్టారు. కరీంనగర్‌లో ఎవరైనా ఏ ఊరని అడిగితే మెట్‌పల్లి అంటారు. హైదరాబాద్‌లో జగిత్యాల అంటారు. దేశం దాటితే ఒకటే జవాబు, కరీంనగర్.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణ ఉద్యమ సభల్లో మార్మోగిన మాట ప్రాస కుదిరిందని పుట్టింది కాదు. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల బస్టాండ్లలో కాసేపు నిలబడితే దాని అర్థం, అంటే బతుకుదెరువుకు ఈ మూడింటికీ వలసపోవడం, కళ్ల ముందే తిరుగుతుంది. అందుకే నగర రవాణా గురించి రాయమంటే నగరవాసిని కాక ఈ బస్టాండ్ల జనాన్ని అడగాలనిపిస్తుంది. బంజారాహిల్స్‌లో కారెక్కి గచ్చిబౌలిలో కారు దిగే మనిషికి తన ఊరి సిటీ బస్సే సరిగ్గా తెలియదు. మెట్‌పల్లి పక్క పల్లెలో అరవై ఏళ్ల మనిషికి ముంబయి లోకల్‌లో ఫాస్ట్ ఏది, స్లో ఏది తెలుసు. ఆయన కొడుకు దుబాయి మెట్రోలో గులాబీ గీత దాటితే జరిమానా ఎంతో చెబుతాడు. మనవరాలికి అమీర్‌పేటలో ఏ మెట్ల వైపు దిగితే హాస్టల్ దగ్గరో తెలుసు.

దస్తీ చట్టం

మొదలు మాత్రం అందరికీ పల్లె వెలుగే. పెద్ద ఊళ్ల బస్టాండ్లలో సాయంత్రం పూట బస్సు ఇంకా వెనక్కి తీస్తుండగానే కిటికీల్లోంచి దస్తీలు లోపలికి పడతాయి. దస్తీ తర్వాత తువ్వాల, తువ్వాల తర్వాత బడి సంచి, సంచి లేకపోతే కూరగాయల కవర్. ఇలా సీటు పట్టే హక్కు ఆర్టీసీ రూల్ పుస్తకంలో ఎక్కడా లేదు, అయినా కండక్టర్‌తో సహా అందరూ ఒప్పుకుంటారు. తలుపు దగ్గర తోసుకుని ముందు ఎక్కినవాడు కూడా సీటు మీద గళ్ల దస్తీ కనబడితే ఆగిపోతాడు. మెల్లగా దాన్ని పక్కకు జరిపి కూర్చునే ధైర్యవంతులూ ఉంటారు, అసలు గొడవలు అక్కడే. ‘నా దస్తీ ఏది?’ అని ఒకరు. ‘దస్తీ కిందవడ్డది, నేను చూడలే’ అని ఇంకొకరు. అనుభవం ఉన్నవాళ్లు అందుకే పల్చటి దస్తీ వేయరు, బరువున్న సంచి వేస్తారు. మూడు సీట్ల బల్ల మీద ఒక్క తువ్వాల నిలువునా పరిచి మూడూ నావే అనేవాడికి మాత్రం ఏ బస్సులోనూ క్షమాపణ లేదు.

కూర్చున్నాక అసలు ప్రయాణం మొదలవుతుంది. పక్కన కూర్చున్న పెద్దామె ముందు మిమ్మల్ని పైనుంచి కిందికి చూస్తుంది. దాచుకునే చూపు కాదు, సూటిగా చూస్తుంది. చెప్పులు, సంచి, చేతిలో ఫోను, మెళ్లో తాడు. చూడటం అయ్యాక అడుగుతుంది.

‘ఏడ దిగుతవ్ బిడ్డా?’

‘కోరుట్లల.’

‘ఎవలింటికి?’

ఈ రెండో ప్రశ్న నగరంలో ఎవరూ వేయరు. ఇక్కడ అది లేకుండా మొదటి ప్రశ్నకు అర్థం లేదు. ఎవరింటికో చెబితే ఆ ఇంటి పెద్దకోడలు ఏ ఊరి పిల్లో ఆమె చెబుతుంది. కథలాపూర్ వచ్చేలోపు మీకూ ఆమెకూ ఏదో ఒక వరస కలుస్తుంది. కలవకపోతే కలిసేదాకా ఆమె వదలదు. మీ జీతం, పెళ్లి, పిల్లలు, ఇల్లు సొంతమా కిరాయా, అన్నీ బయటికొస్తాయి. విసుక్కునేవాళ్లుంటారు, నేనూ విసుక్కున్నవాణ్నే. కానీ ఇక్కడ ఒకరినొకరు చూసుకోవడం దొంగచాటు పని కాదు. చూసినవాళ్లు అడుగుతారు, అడిగినవాళ్లు తమ సంగతీ చెబుతారు. లెక్క సరిపోతుంది.

కోరుట్ల నుంచి రుద్రంగి, వేములవాడ, సిరిసిల్ల, సిద్దిపేట మీదుగా సికింద్రాబాద్‌లోని జేబీఎస్ బస్టాండ్‌కు పోయే బస్సులో అయితే అడగకుండానే చాలా తెలుస్తుంది. వేములవాడలో ఎక్కే కొత్త గుండ్లు రాజన్నకు మొక్కు చెల్లించి వస్తున్నవని ఎవరైనా చెప్పగలరు. సిరిసిల్లలో ఎక్కే మనిషి జుట్టులో సన్నటి నూలు పొట్టు ఇంకా ఉంటుంది. పక్కనున్నవాడితో మాట్లాడినా వెనక సీటు దాకా వినిపిస్తుంది. సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య పన్నెండు గంటలు నిలబడే మనిషికి గొంతు తగ్గించడం అలవాటు తప్పిపోతుంది. పసుపు ఉడకబెట్టే నెలల్లో మెట్‌పల్లి వైపు బస్సుల్లో సీటు రెక్జిన్ కూడా పచ్చబడుతుంది. చేతి సంచిలోంచి తునికాకు వాసన వస్తే ఆమె బీడీలు అప్పజెప్పి వస్తున్నదన్నమాట.

చూడటమే డ్యూటీ

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఈ బస్సుల్లో మనుషుల్ని చూడటానికి అధికారికంగా ఒక ఉద్యోగి వచ్చాడు. కండక్టర్ ఉండనే ఉన్నాడు కదా అంటే, మునుపు ఆయన చూసేది చేతిలోని నోటు. ఇప్పుడు మొహం చూడాలి, ఆధార్ కార్డులో ఫొటో చూడాలి, రెండూ ఒకరివే అని తేల్చుకోవాలి. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు ప్రయాణం ఉచితం. కానీ చిరునామా తెలంగాణదని చూపించాలి, జీరో టికెట్ తీసుకోవాలి.

ఆ జీరో టికెట్ దగ్గర రోజూ ఒక చిన్న నాటకం నడుస్తుంది. ‘పైసలే లేనప్పుడు గీ కాయితమెందుకు సారూ?’ అంటుంది అవ్వ. ఎందుకంటే ఎన్ని జీరో టికెట్లు కొట్టారన్న లెక్క మీదే ప్రభుత్వం ఆర్టీసీకి సొమ్ము చెల్లిస్తుంది. టికెట్ కొట్టకపోతే ఆమె ప్రయాణం జరగనట్టే. కండక్టర్ ఇదంతా చెప్పడు. ‘తీస్కో అవ్వా, చెకింగోళ్లొస్తే నన్నంటరు’ అంటాడు. ఆమెకు ఆ మాట అర్థమవుతుంది, తీసుకుని కొంగుకు ముడేస్తుంది. ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లోంచి తీసేసరికి రెండు స్టేజీలు దాటిపోతాయి. అందులో ఫొటో ఏళ్ల కిందటిది. కండక్టర్ ఒకసారి కార్డు, ఒకసారి మనిషిని చూస్తాడు. ‘గిది నువ్వేనా?’ అంటే బస్సంతా నవ్వుతుంది. ఆమె కూడా.

2025 జూలై నాటికి ఇలాంటి ఉచిత ప్రయాణాలు 200 కోట్లు దాటాయి. పైసలిచ్చి మేం నిలబడాలె, ఊరికే ఎక్కినోళ్లు కూసోవాలె అని మగవాళ్లు గొణుగుతుంటారు. నాకు ఆ గొణుగుడు మీద పెద్ద సానుభూతి లేదు. ‘స్త్రీలకు మాత్రమే’ అన్న అక్షరాల కిందనే దర్జాగా కూర్చుని, చంటిపిల్లతో నిలబడ్డామెను చూడనట్టు కిటికీలోకి తల తిప్పిన మగవాళ్లను ఈ బస్సులు దశాబ్దాల పాటు మోశాయి. అయితే రద్దీ నిజం. పండగ రోజుల్లో ఫుట్‌బోర్డు మీద వేలాడే పిల్లల్ని చూస్తే ఏ పథకాన్నీ మెచ్చుకునే ధైర్యం రాదు.

పథకం వల్ల బస్సులో మాటలు మారాయి. వియ్యపురాలి ఊరికి పోవాలంటే ఛార్జీలకు మొగుణ్ని అడగాల్సిన ఆడవాళ్లు ఇప్పుడు నలుగురు కలిసి ధర్మపురి, కొండగట్టు, వేములవాడ తిరిగి పొద్దుగూకేలోపు ఇంటికొస్తున్నారు. వాళ్ల ముచ్చట్లలో ఇళ్ల సంగతులతో పాటు ఊళ్ల సంగతులూ చేరాయి. ఏ గుడి దగ్గర నీళ్లున్నయి, ఏ బస్టాండ్లో బాత్రూం బాగుంది, ఏ డిపో డ్రైవర్ చెయ్యెత్తితే ఆపుతడు, అన్నీ వాళ్లకు కంఠస్థం.

ఎదురెదురు సీట్లు

బెర్లిన్‌వాడు, సామాజిక శాస్త్రవేత్త గియోర్గ్ సిమ్మెల్ 1908లో అచ్చయిన పుస్తకంలో ఒక సంగతి గమనించాడు. బస్సులు, రైళ్లు, ట్రాములు రాకముందు మనుషులు నిమిషాలు, గంటల తరబడి ఒకరి మొహం ఒకరు చూస్తూ మాట్లాడకుండా కూర్చోవాల్సిన అవసరమే పడలేదన్నాడు. కొత్త బళ్లతో పాటు మనిషికి కొత్త ఇబ్బంది ఒకటి వచ్చిందన్నమాట. మన దగ్గర 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు ఆ ఇబ్బంది కూడా వచ్చి ఉండాలి. రాలేదనే నా అనుమానం. ఏడ దిగుతవ్ అన్న ప్రశ్న దాన్ని డోర్ దగ్గరే దింపేసి ఉంటుంది.

సిమ్మెల్ చెప్పింది మనకు హైదరాబాద్ మెట్రోలో తెలుస్తుంది. జేబీఎస్‌లో దిగి, పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌లో నీలి లైను ఎక్కితే అమీర్‌పేట ఎంతో దూరం కాదు. 2017 నవంబర్ 29న ప్రయాణికులకు తలుపులు తెరిచినప్పటి నుంచి ఆ రైల్లో సీట్లు గోడల పొడుగునా, ఎదురెదురుగా ఉన్నాయి. పల్లె వెలుగులో సీట్లన్నీ డ్రైవర్ వైపు చూస్తాయి. పక్కవాడి భుజం తగులుతుంది, మొహం కనబడదు. అందుకే మాట్లాడటం తేలిక. మెట్రోలో భుజం తగిలినా తగలకున్నా ఎదుటివాడి మొహం మీ మొహంలోకే చూస్తూ ఉంటుంది. మాట్లాడాలంటే నడుమ నిలబడ్డవాళ్ల మీదుగా అరవాలి. ఇంక మిగిలింది కళ్లు దించుకోవడమే. ఫోన్లు రాకముందు కట్టిన రైలయితే జనం ఏం చేసేవాళ్లో!

అలాగని చూడటం ఆగలేదు. రాత్రి ఎనిమిది దాటాక మెట్రో కిటికీ అద్దమవుతుంది. బయట చీకటి, లోపల వెలుగు. నిలబడ్డవాళ్లంతా బయటికి చూస్తున్నట్టే ఉంటారు, నిజానికి అద్దంలో వెనకవాళ్లను చూస్తుంటారు. మెడలో ఐడీ కార్డు తాడు రంగును బట్టి ఫలానా కంపెనీ అని గుర్తుపడతారు. పోటీ పరీక్షల పుస్తకం అట్టను బట్టి గ్రూప్ టూనా, కానిస్టేబులా అని తేల్చేస్తారు. ఊరి నుంచి కొత్తగా వచ్చిన పిల్లాడిని మాత్రం పట్టుకోవడానికి అద్దం అక్కర్లేదు. వాడు ప్రతి స్టేషన్‌లో లేచి తలుపు మీది పటం చూస్తాడు, అనౌన్స్‌మెంట్ తెలుగులో వచ్చాక హిందీలోనూ, ఇంగ్లిష్‌లోనూ వింటాడు, అప్పుడు కూర్చుంటాడు. అప్పటికి సీటు పోతుంది. అక్కడ దస్తీ పనిచేయదు మరి.

సిటీ బస్సుది ఇంకో విద్య. అందులో సీటు దొరకాలంటే దిగబోయే మనిషిని ముందే పసిగట్టాలి. కాళ్ల కింది సంచి ఒళ్లోకి వస్తే ఒక గుర్తు. ఇయర్‌ఫోన్ తీగ చుట్టడం మొదలుపెడితే రెండు స్టాపులే ఉందని లెక్క. విప్పిన చెప్పుల్లోకి కాలు దూరితే వచ్చేదే స్టాపు. ఇవేవీ చేయకుండా ఉన్నట్టుండి లేచి ‘ఆపండాపండి’ అని అరిచే రకం కూడా ఉంది. ఎవరి సీటు పక్కన నిలబడాలో ఎంచుకోవడంలోనే సాయంత్రం ప్రయాణం సుఖమో నరకమో తేలిపోతుంది. అమీర్‌పేట హాస్టల్ పిల్లలకు కోచింగ్ సెంటర్‌లో ఏం వచ్చినా రాకున్నా మొదటి నెలలోనే ఈ విద్య వచ్చేస్తుంది. ఎవరూ నేర్పరు. పక్కవాళ్లను చూసి నేర్చుకోవాల్సిందే. కొత్త ఊరికి బతకబోయినవాడికి సాటి ప్రయాణికుడే పంతులు. మనుషుల్ని చూడటం తోచక చేసే పని అనుకునేవాళ్లు రాత్రి బస్సు దిగి తెల్లారే పని వెతుక్కునే బాధ ఎరగనివాళ్లు.

కహా ఉతరోగే

సాటి ప్రయాణికుణ్ని చూసి నేర్చుకోవడం ఎంత అవసరమో ముంబయికి పోయినవాళ్లకు బాగా తెలుసు. కరీంనగర్ వైపు జనం తరాలుగా ఆ నగరంలో ఉన్నారు. కామాఠిపుర అన్న పేరే అక్కడ రాళ్లెత్తిన తెలుగు కూలీల మీదుగా వచ్చింది. నేత పని తెలిసినవాళ్లు మిల్లుల్లో చేరారు. 1982 జనవరిలో మొదలైన సమ్మె మిల్లులను కుదేలు చేశాక కూడా భివండి మగ్గాలు పిలుస్తూనే ఉన్నాయి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్లల నుంచి రాత్రి బస్సులు ఇప్పటికీ అటు పోతాయి.

రద్దీ వేళ ముంబయి లోకల్‌లో చదరపు మీటరుకు 14 నుంచి 16 మంది నిలబడతారని రైల్వే లెక్క. అంత జనంలో చూడటానికి దూరమే మిగలదు. ముక్కు ముందు ఒకరి చెవి ఉంటుంది, అంతే. అయినా అక్కడ ఒక ప్రశ్న ఉంది. నిలబడ్డ మనిషి కూర్చున్న మనిషిని అడుగుతాడు, ‘కహా ఉతరోగే?’ మాటకు మాట మన ఏడ దిగుతవ్ అన్నదే. ఊరి నుంచి కొత్తగా వెళ్లినవాడికి ప్రాణం లేచొస్తుంది, ఎవరో పలకరించారని. కానీ ఠాణే అని చెప్పగానే సంభాషణ అయిపోతుంది. అడిగినవాడికి మీ ఊరితో పని లేదు, ఠాణేలో ఖాళీ అయ్యే సీటుతో పని. సీటు బుక్ అయింది, అంతే. ఠాణే చెప్పి ఠాణేలో దిగకపోతే మాత్రం మొహం గుర్తుపెట్టుకుంటారు.

ముగ్గురి బల్ల మీద నాలుగోవాడు అంచున ఆనుకునే చోటుకు అక్కడ ‘ఫోర్త్ సీట్’ అని పేరు. అది దొరకడం కూడా భాగ్యమే. రోజూ ఒకే డబ్బాలో ఎక్కేవాళ్లు సగం దూరం కూర్చుని, మిగతా సగానికి లేచి నిలబడ్డ దోస్తును కూర్చోబెడతారు. పేకాట గుంపులుంటాయి, భజన గుంపులుంటాయి. ఏళ్ల తరబడి కలిసి ప్రయాణం చేసినవాళ్లు ఒకరి ఇల్లు ఒకరు చూసి ఉండకపోవచ్చు. మా వైపు మనిషికి ఇది మొదట్లో మింగుడు పడదు. ఎవరింటికి అని అడగకుండా స్నేహమా? కొన్నాళ్లకు అందులో సుఖం కూడా తెలిసివస్తుంది. కులం అడగరు, పెళ్లెందుకు కాలేదని అడగరు. ఊరి బస్సులో ఎవలోళ్లు అన్న ప్రశ్న కొందరికి ముచ్చట, కొందరికి ముల్లు. అది ముల్లుగా గుచ్చుకున్నవాళ్లకు లోకల్ డబ్బా ఊపిరి పీల్చుకునే చోటు, ఊపిరి ఆడకపోయినా సరే.

గులాబీ గీత

దుబాయి మెట్రో ప్రారంభం ముహూర్తం చూస్తే మన పంతుళ్లు కూడా మెచ్చుకుంటారు. 2009లో తొమ్మిదో నెల తొమ్మిదో తారీఖు రాత్రి 9 గంటల 9 నిమిషాల 9 సెకన్లు. డ్రైవర్ లేని రైలు. ఎక్కువ పైకం పెట్టేవాళ్లకు గోల్డ్ క్లాస్, ఆడవాళ్లకూ పిల్లలకూ వేరే పెట్టె, దాని హద్దుకు నేల మీద గులాబీ గీత. అటు మగవాడు అడుగేస్తే 100 దిర్హమ్‌లు జరిమానా. లోపల తిన్నా తాగినా అంతే. ఊళ్లో బస్సెక్కగానే పల్లీల పొట్లం విప్పే మనిషికి ఇది చిన్న శిక్ష కాదు.

దుబాయిలో సోనాపూర్ లేబర్ క్యాంపుల్లో ఉండే మనవాళ్లకు మెట్రో రోజూ ఎక్కే బండి కాదు. పనిరోజు తెల్లవారుజామున కంపెనీ బస్సు వస్తుంది. అందులో ఎవరూ ఎవరినీ చూడరు, అందరూ నిద్రలోనే ఉంటారు. కవరాల్ రంగును బట్టి ఏ కంపెనీ మనిషో సిగ్నల్ దగ్గర పక్క బస్సువాళ్లకు తెలుస్తుంది. సెలవు రోజు మాత్రం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని నగరంలోని డేరా ప్రాంతం వైపు బయల్దేరతారు. ఆ రైల్లో అన్ని దేశాల మొహాలూ ఉంటాయి, అందరూ మర్యాదగా ఎటో చూస్తుంటారు. ఒక మూల ఎవరో ఫోన్లో గొంతు తగ్గించి, ‘ఆఁ తిన్న... నువ్వు తిన్నవా?’ అంటారు. మూడు తలలు ఒక్కసారి తిరుగుతాయి.

‘అన్నా, మనదేడ?’

‘కరీంనగర్.’

‘కరీంనగర్ల ఏడ?’

‘జగిత్యాల.’

‘జగిత్యాలల?’

‘మెట్‌పల్లి దగ్గర.’

‘అరె, మెట్‌పల్లి దగ్గర ఏ ఊరే?’

దిగాల్సిన స్టేషన్ దాటిపోతుంది. వెనక్కి వచ్చే రైలు ఎలాగూ ఉంది.

కార్టన్ మీది అక్షరాలు

ఆ అన్న రెండేళ్లకు తిరిగొస్తాడు. శంషాబాద్‌లో దిగి పుష్పక్ బస్సెక్కి జేబీఎస్ చేరతాడు. చేతిలో తాడుతో బిగించి కట్టిన పెద్ద కార్టన్. దాని నాలుగు వైపులా మార్కర్‌తో పేరు, ఫోన్ నంబరు, ఊరు, మండలం, జిల్లా. విమానం వాళ్ల కోసం రాసిన ఆ అక్షరాలను కోరుట్ల బస్సులో అందరూ చదువుతారు. చదివినవాళ్లు ఊరుకుంటారా? శామీర్‌పేట దాటకముందే మొదలవుతుంది. ఏ కంపెనీ? జీతమెంత? క్యాంపులో కూరలెవలు వండుతరు? సెల్లు ఎంతకొచ్చింది? వీసాకు ఏజెంటుకెంతిచ్చినవ్? మా పిల్లగాడు టెన్త్ ఫేలు, వాడికేమన్న దొరుకుతదా? ప్రజ్ఞాపూర్‌లో చాయ్‌కి ఆగితే చాయ్ ఎవరో తాగిస్తారు, ప్రశ్నలు మాత్రం ఆగవు.

ఆయన కొన్నిటికి చెబుతాడు. జీతం దగ్గర కొంచెం పెంచుతాడు, అప్పు దగ్గర కొంచెం తగ్గిస్తాడు. వింటున్నవాళ్లకూ ఆ సంగతి తెలుసు. సిద్దిపేట దాటాక కండక్టర్ వచ్చి కార్టన్‌కు లగేజీ టికెట్ కొడతానంటాడు. గాలి డబ్బా సారూ, చాక్లెట్లే అని ఆయన. మరి ఇద్దరెందుకు మోసిండ్రు అని కండక్టర్. వెనక సీట్లోంచి అవ్వ కలగజేసుకుంటుంది, ‘పోనీ తియ్ సారూ, రెండేండ్లకొచ్చిండు పిల్లగాడు.’ బస్సు రెండు పార్టీలవుతుంది. వేములవాడ వచ్చినా ఇంకా తెగదు.